రాగి ప్లేటు మీద బొట్టు

17 సెప్టెంబరు 2025, బుధవారం

ఆరు ప్లేట్లూ పాసయ్యాయి. ఒక్క కొలత కూడా గీత దాటలేదు. బెంగళూరులో మా హార్డ్‌వేర్ హెడ్ కౌండిన్య భిలాయిలో చిన్న వర్క్‌షాపా అని మూడు నెలలు మూతి తిప్పాడు. ఇప్పుడు తిప్పమనండి చూద్దాం.

ఈరోజు విశ్వకర్మ పూజ. ఇండస్ట్రియల్ ఏరియా అంతా మైకులు, బంతిపూల దండలు. మా ప్లేట్లు చేసిన త్రినాథరావు బాబాయ్ షాపులో నాలుగు లేతులకీ, గ్రైండింగ్ మిషనుకీ, చివరికి టీ కాచే స్టవ్‌కి కూడా బందన్ బొట్టు పెట్టారు. ఇక్కడివాళ్ళు నూనెలో కలిపే ఈ నారింజ రంగు సిందూరం ఒకసారి అంటితే గోళ్ళ సందుల్లో రెండు రోజులుంటుంది.

గ్రైండర్ మీద పనిచేసే శ్యామసుందర్ భయ్యా ఈ ప్లేట్లు దేనికని మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను: ఇదొక కొత్త రకం కంప్యూటరు, దాని చిప్పు పనిచెయ్యాలంటే ఆకాశంలో ఉండే చలికంటే ఎక్కువ చలి కావాలి, ఈ ఆరు ప్లేట్లూ ఒకదాని కింద ఒకటి వేలాడతాయి, అట్టడుగున ఉన్న దానికి చిప్పు బిగిస్తారు, చుట్టూ గాలన్నది ఉండకూడదు. అంతా విని, ఏడాది మొత్తంలో చేసిన మంచి పని ఇదే కదా, దీనికి మాత్రం బొట్టెందుకు లేదని అడిగాడు.

ఎందుకంటే శుభ్రం చేసే పద్ధతి నేనే రాశాను. నాలుగు పేజీలు. కడిగిన తర్వాత ఒట్టి చెయ్యి తగలకూడదు. బాబాయ్ దాన్ని వేదంలా పాటిస్తాడు. ప్లేట్లను పక్కగదిలో అద్దాల బీరువాలో పెట్టి, "ఇక్కడ పూజ లేదు" అని తెలుగులోనూ హిందీలోనూ రాసి అంటించాడు. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషి, రాసిన మాటంటే రాసిన మాటే.

ఆఖరి తనిఖీ కోసం ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. చిన్నప్పుడు ఈరోజే నాన్న నన్ను మెషిన్ షాపుకి తీసుకెళ్ళి తన లేతుకి నా చేత బొట్టు పెట్టించేవాడు. గ్లవ్ తీసి, ఉంగరం వేలికి ఇంకా అంటి ఉన్న బందన్‌తో ఆరో ప్లేటు అడుగుభాగాన ఒక చిన్న చుక్క పెట్టాను. పెట్టిన వెంటనే స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచేశాను. ఏమీ కనబడలేదు. ప్యాక్ చేయించి సంతకం పెట్టాను.

ఇది రాయాల్సినంత విషయం కాదు. బూందీ బాగుంది.

18 సెప్టెంబరు

ప్లేట్లతో బండి బెంగళూరు వెళ్ళింది. ప్రాజెక్టు మేనేజరుగా షీటులో రంగు మార్చాను. స్టేటస్ ఆకుపచ్చ.

30 సెప్టెంబరు

బెంగళూరులో బిగింపు మొదలైంది. మా ల్యాబులో ఫిజిసిస్టు సుప్రియ ఫొటోలు పంపింది. అంతస్తుల దీపపు సెమ్మెను తలకిందులుగా వేలాడదీసినట్టుంది. ఎవరూ చూడకుండా ఫొటోని పెద్దది చేసి ఆరో ప్లేటు చూసుకున్నాను. అద్దంలా ఉంది.

ఉమేష్‌కి ఈ వారం చరోదా రైల్వే యార్డులో తెల్లవారుజాము డ్యూటీ. అతను వచ్చేసరికి నేను కాల్‌లో ఉంటాను, నా కాల్ అయ్యేసరికి అతను గుర్రు పెడుతుంటాడు. పన్నెండేళ్ళ సంసారం సాఫీగా నడవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

9 అక్టోబరు

మూడు రోజులుగా పంపులు తిరుగుతున్నాయి. గాలి పోవాల్సినంత పోవడం లేదు. లోపల్నుంచి ఏదో ఊరుతూనే ఉందని సుప్రియ అంటోంది. పన్నెండు కారణాలతో జాబితా తయారుచేసింది. ఎక్కడో సన్నని లీకు, రబ్బరు రింగు, వైర్ల మీది పూత, పాత పంపు, ఇలా. అందరూ తలొకటి కలిపారు. నేను పదమూడోది కలపలేదు. తేలని విషయాన్ని జాబితాలో పెడితే జనం దాని వెంట పడతారు. ఇది అనుభవం మీద చెప్తున్న మాట.

స్టేటస్ పసుపు.

11 అక్టోబరు

స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచాను. రెండుసార్లు.

14 అక్టోబరు

సుప్రియ మొత్తం విప్పేసింది. ఆరో ప్లేటు అడుగున, ఒక స్క్రూ కన్నంలో, లోపలి గాడుల మధ్య నారింజ రంగు జిగురు. దూదిపుల్లతో తీసి ఫొటో పెట్టింది. నూనె, అందులో ఏదో ఎర్రపొడి. తుడిచినప్పుడు కన్నంలోకి దిగిందన్నమాట. కన్నాన్ని నేను చూడలేదు. చిప్పుకి నాలుగు వేళ్ళ దూరంలో ఉందది.

కాల్‌లో కౌండిన్య తేదీలు చూసి, పూజ రోజున ప్యాక్ చేశారు కాబట్టి సిందూరం పెట్టి పంపారని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. సుప్రియ ఒక్కతే నవ్వలేదు, ఆమె రెండు వారాల పని పోయింది. నవంబరు రివ్యూలో మిషను చూపించడం ఇక కుదరదు.

నేనూ నవ్వాను. ఇది రాసి పెట్టుకోవాలి.

వర్క్‌షాపు నుంచి లిఖితంగా కారణం తెప్పించమన్నాడు. కారణం, బాధ్యులు, తీసుకున్న చర్య. చర్య గట్టిగా ఉంటే రెండో విడత ఇరవై నాలుగు ప్లేట్లూ అక్కడే చేయించవచ్చట, లేకపోతే వేరేచోట. ఆ ఇరవై నాలుగు ప్లేట్లు చేజారితే బాబాయ్ షాపు మళ్ళీ ట్రాక్టర్లకి చిన్న చిన్న బుష్‌లు తిప్పే పనికి వెళ్ళిపోతుంది.

అలాంటి సమయంలో మేనేజరే బొట్టు పెట్టిందని తేలితే, మొత్తం భిలాయి పనే వద్దంటారు. నా సొంత ఊరని నేనే పట్టుబట్టి ఇప్పించిన పని ఇది. కాబట్టి ఇప్పుడు నోరెత్తడం బాబాయ్‌కే నష్టం. ఈ లెక్కలో తప్పు కనబడటం లేదు.

15 అక్టోబరు

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. బందన్ దొరికిందని, ఫారం నింపాలని. వెనకాల లేతు ఆగిన చప్పుడు వినిపించింది. "ఆ గదిలోకి మావోలు ఎవులూ ఎల్లలేదమ్మా" అన్నాడు. కనుక్కోండి బాబాయ్ అన్నాను. కనుక్కుంటానన్నాడు.

సాయంత్రం ఆయనే మళ్ళీ చేశాడు. ఫారం గురించి అనుకుని గడువు తేదీ చెప్పాను. విని, "ఇంకేటైనా చెప్పాలేటమ్మా?" అన్నాడు.

ఇంకేం లేదన్నాను.

16 అక్టోబరు

ఈ మధ్యాహ్నం ఉమేష్ తీరిగ్గా ఉన్నాడని, మా ఆఫీసులో ఒకామె ఇలాంటి పొరపాటు చేసిందని చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. రైల్వేలో ఏదైనా జరిగితే ముందు రిజిస్టర్లు స్వాధీనం చేసుకుంటారని, మనుషుల్ని తర్వాత అడుగుతారని అన్నాడు. ఎందుకంటే మనుషులు ఒక పూట గడిస్తే తమకే నమ్మకం కుదిరే కథ ఒకటి తయారు చేసుకుంటారట.

తర్వాత, "ఆమె పేరేటి?" అన్నాడు.

నీకు తెలియదులే అన్నాను. "అచ్ఛా" అని మజ్జిగ పోసుకున్నాడు. ఆ తర్వాత అడగలేదు. అడిగితే బాగుండేది.

20 అక్టోబరు, దీపావళి

బాబాయ్ ఫోన్. పండగ మాటలన్నీ అయ్యాక కూడా పెట్టెయ్యలేదు. ఏం బాబాయ్ అంటే, "ఏట్లేదమ్మా, నువ్వేటైనా అంతావేమో అని" అన్నాడు. పెద్దవాళ్ళకి ఫోన్ ఎలా ముగించాలో తెలియదు.

ఉమేష్ కోసం అరిసెలు చేయబోయాను, నూనెలో విడిపోయాయి. తినేశాడు.

24 అక్టోబరు

ఫారం వచ్చింది. బాబాయ్ చేతిరాత, ప్లాంటు లాగ్‌బుక్కులో రాసినట్టు నిలువుగా, ఒక్క కొట్టివేత లేకుండా.

కారణం: పూజ రోజున బందన్ అంటిన చేతితో ప్లేటు తాకడం. బాధ్యుడు: శ్యామసుందర్, గ్రైండర్ ఆపరేటర్. చర్య: పనిలోంచి తీసివేయడమైనది.

నాలుగుసార్లు చదివాను. శ్యామ్ భయ్యా ఒప్పుకున్నాడని కింద అతని సంతకం ఉంది. అతను ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తెలియదు. ఒకవేళ అతను కూడా నిజంగానే తాకాడేమో. నేను రాకముందు. అది అసంభవం కాదు. బీరువాకి తాళం ఉంది, కానీ తాళాలన్నాక తీస్తారు.

బెంగళూరు పంపేశాను.

25 అక్టోబరు

వంకాయ కూర. బట్టలు.

31 అక్టోబరు

నవంబరు రివ్యూ జనవరికి వాయిదా పడింది. ఇంత త్వరగా మనిషిని తీసేశారంటే ఆ షాపు సీరియస్‌గా పనిచేసే షాపే అని కౌండిన్య మెచ్చుకున్నాడు. రెండో విడత బాబాయ్‌కే ఖాయం. సుప్రియ కొత్త శుభ్రతా పద్ధతి అడిగింది, ఐదు పేజీలు రాశాను. పూజాద్రవ్యాల గురించి ప్రత్యేకంగా ఒక పేరా పెట్టాను. బాగా వచ్చింది.

అందరికీ మేలే జరిగింది. షాపుకి పని దొరికింది, ల్యాబుకి కారణం దొరికింది. శ్యామ్ భయ్యాది ఇరవై రెండేళ్ళ చెయ్యి, ఈ ఊళ్ళో అలాంటి చేతికి పని దొరక్కపోదు.

స్టేటస్ ఆకుపచ్చ.

6 నవంబరు

రెండో విడతలో మొదటి ప్లేటు చూడటానికి షాపుకి వెళ్ళాను. గ్రైండర్ మీద బాబాయే ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు. కొత్తగా పెట్టినవాడు రెండు ప్లేట్లు పాడుచేశాడట, అందుకని తనే దిగాడు. నన్ను చూసి మిషను ఆపి, చేతులు తుడుచుకుని, టీ తెప్పించాడు. ప్లేటు కొలిచాను. గీత మీద ఉంది, దాటలేదు, కానీ శ్యామ్ భయ్యా చేసిన ప్లేట్లు ఎప్పుడూ గీతకి మధ్యలో ఉండేవి.

అతనెక్కడున్నాడని అడిగాను. నందినిలో, సున్నపురాయి గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద క్రషర్ రిపేరు చేస్తున్నాడట. పొద్దున్న ఐదింటికి బయల్దేరతాడట. తలలోని వెంట్రుకంత కొలత చేతితో చెప్పగల మనిషి అక్కడ సుత్తి పట్టుకుని రాళ్ళ మిషను జామ్ తీస్తున్నాడు.

బాబాయ్ నన్ను ఏమీ అడగలేదు. ఇదివరకు ఫోన్‌లో ఏదో ఒకటి అడిగేవాడు. ఈసారి ప్లేటు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు సిగ్గుగా ఉంది. ఇన్ని రోజుల్లో ఈ మాట రాయడం ఇదే మొదలు.

8 నవంబరు

కాల్‌లో మూడుసార్లు చెప్పబోయాను. మొదటిసారి సుప్రియ మాట్లాడుతోంది. రెండోసారి నెట్ పోయింది. మూడోసారి ఏ అడ్డంకీ లేదు.

11 నవంబరు

కౌండిన్యకి చెప్పాను. ఫోన్ చేసి, ముందుమాట లేకుండా. బొట్టు పెట్టింది నేనేనని, గ్లవ్ తీసి, అదీ నేను రాసిన పద్ధతికి విరుద్ధంగా.

అతను తిడతాడని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. "భాగ్యరేఖ గారూ, ఈ విషయం మీరు నాకు చెప్పలేదనుకుందాం" అన్నాడు. ఫైలు మూసేశామట, రివ్యూ కమిటీకి కూడా పంపేశారట. మళ్ళీ తెరిస్తే వర్క్‌షాపు తప్పు కాస్తా కంపెనీ తప్పవుతుందట. మనిషిని తీసేయడం ఎలాగూ జరిగిపోయిందట.

ఇంత సులువుగా వదిలేస్తారని తెలిస్తే నెల క్రితమే చెప్పేదాన్ని. ఈ ఆలోచన రాగానే నామీద నాకే రోత పుట్టింది.

12 నవంబరు

పొద్దున్న తొమ్మిదింటికి మెయిల్ పంపాను. కౌండిన్యకి, సుప్రియకి, క్వాలిటీ వాళ్ళకి, బాబాయ్‌కి. ఏడు వాక్యాలు. ఎవరు, ఎప్పుడు, ఏ చేత్తో. శ్యామసుందర్‌కి ఇందులో ఏ సంబంధమూ లేదని. పాత ఫారం రద్దు చెయ్యాలని.

పదింటికి సుప్రియ ఫోన్ చేసింది. అరిచింది. రాత్రింబగళ్ళు తను లీకు వెతుకుతూ ఏడ్చిందని, నాకు మొదటిరోజు నుంచీ తెలుసని, ఆ జాబితాలో ఒక్క లైను రాసుంటే ఒక్కరోజులో తేలిపోయేదని. అన్నీ నిజమే. అవునన్నాను. క్షమించమని కూడా అన్నాను, ఆవిడ అప్పటికే పెట్టేసింది.

మధ్యాహ్నానికి కౌండిన్య మెయిల్. డిసెంబరు నుంచి నేను ఈ ప్రాజెక్టులో ఉండను, శిక్షణా పత్రాలు రాసే విభాగానికి మార్పు. ప్లేట్లలో లోపం లేదు కాబట్టి రెండో విడత త్రినాథరావు దగ్గరే కొనసాగుతుంది. అంటే, నోరెత్తితే షాపుకి నష్టమని నెలరోజులు వేసుకున్న నా లెక్క తప్పు. రాసుకున్నప్పుడే తప్పని నాకు తెలుసేమో కూడా.

ఉమేష్‌కి పేరు చెప్పాను. "తెలుసు" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి కాసేపుంచి, డ్యూటీకి వెళ్ళాడు.

13 నవంబరు

షాపుకి వెళ్ళాను. బాబాయ్ మెయిల్ చదివాడు, ప్రింటు తీయించి బల్లమీద పెట్టుకున్నాడు. మాట్లాడబోతే ముందు అన్నం తిన్నావా అన్నాడు. తినలేదంటే తన డబ్బా విప్పాడు. చారు, వేపుడు. సగం సగం తిన్నాం. తిన్నంతసేపూ నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆయన చూడనట్టే ఉన్నాడు.

శ్యామ్ భయ్యాని వెనక్కి పిలవమని అడిగాను. "పిలుస్తాను. ముందు నువ్వెల్లి రా" అన్నాడు.

16 నవంబరు, ఆదివారం

నందిని వెళ్ళాను. స్కూటీ మీద గంట. గనుల కాలనీ దాటాక వర్క్‌షాపు షెడ్డు, మనిషెత్తున తెల్లటి దుమ్ము. శ్యామ్ భయ్యా జుట్టు, కనుబొమలు అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. నన్ను చూసి నవ్వలేదు, వెళ్ళమనీ అనలేదు. డ్రమ్ము మీద కూర్చోమని, తను నిలబడే ఉన్నాడు.

తప్పు నాదని, అందరికీ రాసి చెప్పానని అన్నాను. అతను తలూపాడు. ఉస్తాద్, అంటే బాబాయ్, ఫోన్ చేశాడట.

నువ్వెందుకు ఒప్పుకున్నావు భయ్యా అని అడిగాను.

"నేను సూసినాను దీదీ" అన్నాడు. "గ్రైండర్ కాడ నుంచి ఆ గది అద్దం కనిపిస్తాది. నువ్వు గ్లవ్ తీసినావు, బొట్టెట్టినావు, తుడిసినావు. నాకు బాగా అనిపించింది కూడా. సచ్ బోల్ రహా హూఁ, నిజమే సెప్తున్నాను. ఎవులో ఒకరు పెట్టినారు కదా అనుకున్నాను."

పక్కన ఎవరో రేకు కోస్తున్నారు, అది ఆగేదాకా అతను ఆగాడు.

నేను బాబాయ్‌కి ఫోన్ చేసిన రోజే, మధ్యాహ్నం, అతను ఆ సంగతి బాబాయ్‌కి చెప్పేశాడట. సాయంత్రం బాబాయ్ నాకు మళ్ళీ ఫోన్ చేసింది అది విన్నాకే. నేనేం లేదన్నాక కూడా ఆయన ఆశ వదులుకోలేదట. ఆ పిల్ల చెప్తాది, ఆళ్ళ బాబుతో నేను పన్నెండేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసినాను, ఆడు ఒక్కసారి కూడా తప్పు పక్కోడి మీదికి తొయ్యలేదు అన్నాడట. పది రోజులు చూశాడట. గడువు దగ్గరపడింది. నా పేరు రాయడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తెలియదని రాస్తే ఫారం తిరిగొస్తుంది. అప్పుడు శ్యామ్ భయ్యాయే తన పేరు రాయమన్నాడట.

"ఉస్తాద్ ఒప్పుకోలేదు దీదీ. మల్లీ ఆలోసించి సరే అన్నాడు. నా పేరు సూస్తే నువ్వు ఆగలేవంట. ఎంటనే ఫోన్ చేసీస్తావంట. ఫారం పంపీసి ఫోన్ ముందరెట్టుకుని కూకున్నాడు, మిషను కూడా ఎయ్యనివ్వలేదు, సప్పుడుకి ఇనపడదని. నేను పక్కనే ఉన్నాను."

నిజంగా తీసేయకపోయినా ఎవరికి తెలిసేది, ఉంచుకోవచ్చు కదా అన్నాను.

"నేనూ అదే అన్నాను. తీసీసినామని రాసినాక ఉంచకూడదన్నాడు. ఒక అబద్దం రాసినాను, రెండోది ఒద్దు అన్నాడు."

వెనక్కి వస్తావా అని అడిగాను. ఉస్తాద్ పిలిచాడు కాబట్టి వస్తానన్నాడు, సోమవారం ఇక్కడ లెక్క చెప్పేసి మంగళవారం గ్రైండర్ మీద ఉంటానన్నాడు. నామీద కోపం ఉందా అని కూడా అడిగాను. ఉందన్నాడు. ఎన్నాళ్ళుంటుందో తెలియదన్నాడు.

లేచి స్కూటీ దాకా వచ్చాడు. హ్యాండిల్ మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"నువ్వు ఫోన్ చెయ్యలేదు" అన్నాడు. "గంటకల్లా ఫారం పాసయిపోయిందని ఉస్తాద్‌కి మెయిలొచ్చింది. గంటే దీదీ."

ఇంటికొచ్చి ఫారం వచ్చిన రోజు మెయిళ్ళు తీసి చూశాను. ఆయన ఫారం నాకు చేరింది పదకొండూ నాలుగుకి. నేను బెంగళూరు పంపింది పదకొండూ పదిహేనుకి. గంట కాదు, పదకొండు నిమిషాలు.